కొండపొలము – ఆకాశచిత్రము

నర్సీపట్నమునకు పడమట కొండల నడుమ నున్న కొయ్యూరు పేరు వినగానే మనకు 1924 మే 7వ తేది జ్ఞప్తికి వచ్చును. అల్లూరి సీతారామరాజు ప్రాణములర్పించినది ఆ దినముననే, ఆ ప్రాంతముననే. ఆయన నడపిన పోరాటమునకు గల కారణములలో పోడు వ్యవసాయముపై విధించిన నిర్బంధ మొకటి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము అడవికి హద్దులు గీచినది; హద్దు లోపల పడిన పోడు మన్యపు రైతు చేతినుండి జారిపోయినది. గీత ఎక్కడ పడినదను ప్రశ్న ఆ కొండలలో తిండి ప్రశ్నయే. నేడు అట్టి ప్రశ్నకు ఆకాశమునుండి తీసిన చిత్రము కూడ సాక్ష్యమిచ్చుచున్నది. ఆ చిత్రము ఎట్లు సిద్ధమగునో, దాని మాటను ఎంతవరకు నమ్మవచ్చునో విచారింతము.

1974లో హైదరాబాదున నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడెను. 1979లో షాద్‌నగర్ వద్ద నెలకొల్పిన భూకేంద్రము అమెరికా వారి లాండ్‌శాట్ చిత్రములను అందుకొనసాగెను. 1988 మార్చి 17న మన ఐ.ఆర్.ఎస్.-1ఏ ఉపగ్రహము బైకనూర్ నుండి ఎగసెను. ఇట్టి ఉపగ్రహములు పంపునవి నిజమునకు అంకెలు. నేలను చదరపు గళ్ళుగా భావించి, గడికొక వెలుగు కొలతను పంపును. అయితే ఆ గళ్ళు పటముపై నేరుగా కూర్చుండవు. ఉపగ్రహము ధ్రువమునుండి ధ్రువము వైపు పోవుచుండగా క్రింద భూమి తూర్పునకు తిరుగుచుండును. అందువలన ఒక్కొక్క వరుస ముందుదానికన్న కొంచెము పడమటికి పడి, చిత్రము ఏటవాలగును. దానిని సరిచేసి, పటములోని గళ్ళకు మరల కొలతలు కట్టవలెను. దీనినే రీసాంప్లింగ్ అందురు.

ఇందులో మొదటి ఉపాయము చిత్రమైనది. పాత గడిని క్రొత్త పటముపైకి తోలినచో కొన్ని గళ్ళు ఖాళీగా మిగులును, కొన్నిటిలో రెండేసి అంకెలు పడును. కావున క్రొత్త పటములోని ప్రతి గడిలో నిలిచి, “పాత చిత్రమున నా చోటెక్కడ?” అని అడుగవలెను. ఆ చోటు తరచు నాలుగు గళ్ళ నడుమ పడును. అప్పుడు ఏ అంకె వ్రాయవలెను? దగ్గరి గడి అంకెను ఉన్నదున్నట్లు గైకొనుట ఒక మార్గము. చుట్టునున్న నాలుగింటిని దూరమును బట్టి కలుపుట రెండవది. పదునారు గళ్ళను చూచి వాని నడుమ వంపుగీతను సాగించుట మూడవది. 1981లో రాబర్ట్ కీస్ ప్రకటించిన వ్యాసము దీనికి గట్టి గణితరూప మిచ్చెను. తెలిసిన అంకెల నడుమ తెలియనిదానిని లెక్కించుట మనకు క్రొత్త కాదు. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 665 నాటి ఖండఖాద్యకములో జ్యాపట్టికకు ఇట్టి సూత్రమునే చెప్పెను.

ఒక్కొక్క గడికి పదునారింటిని వెదకుట, అట్టి గళ్ళు లక్షలుండుట, ఆనాటి కంప్యూటర్లకు మోయరాని బరువు. వాని జ్ఞాపకశక్తి స్వల్పము. 1980లో ఎడ్విన్ కాట్మల్, ఆల్వీ రే స్మిత్ అనువారు, మొదట అడ్డువరుసలను, పిదప నిలువువరుసలను సవరించినచో చాలునని చూపిరి. 1986లో ఆలన్ పేత్ చిత్రమును త్రిప్పుటకు మూడు త్రోపులు చాలునని నిరూపించెను. తాటాకుల కట్టను ప్రక్కకు త్రోసినప్పుడు ఏ ఆకూ వంగదు, ఒకదానిపై నొకటి జరుగును. ఆ రీతిగనే అడ్డుగా, నిలువుగా, మరల అడ్డుగా వరుసలను జరిపినచో చిత్రము తిరుగును.

వేగము కుదిరినది; మరి సత్యమో? ఐ.ఆర్.ఎస్.-1ఏ మొదటి కెమెరాకు గడి ప్రక్క 72.5 మీటర్లు. అనగా ఒక్క గడియే ఎకరమునకు మించినది. 1995లో ఎగసిన ఐ.ఆర్.ఎస్.-1సి లోని ఒక కెమెరాకు అది 23.5 మీటర్లు, ఎకరమునకు ఏడు గళ్ళు మాత్రమే. అంచు గడిలో చేను, చెట్లు కలిసియే ఉండును. దానిని పొరుగు గళ్ళతో మరల కలిపినచో చిత్రము కంటికి నునుపగును, చేని అంచు మరింత అలుకుకొనును. దగ్గరి గడినే గైకొన్నచో అంకె చెడదు, కాని అటునిటు అరగడివరకు జరుగవచ్చును. కెమెరా చూడనిదానిని ఏ గణితమూ పుట్టింపలేదు.

2006 అటవీ హక్కుల చట్టము ప్రకారము ఆదివాసి రైతు 2005 డిసెంబరు 13 నాటికి ముందే ఆ భూమి తన సాగులో నున్నదని చూపవలెను. అరయెకరపు కొండచేనుకు ఈ గళ్ళ లెక్క ఎంత ముఖ్యమో మనము ఊహింపవచ్చును. 2012లో సవరించిన నియమములు, ఉపగ్రహ చిత్రము ఇతర సాక్ష్యములకు తోడు కావచ్చునే కాని వానికి బదులు కారాదని స్పష్టముగా పలికినవి. ఊరి పెద్దల వాఙ్మూలము, గట్టు, గుడిసె – ఇవియు ఆ నియమములు అంగీకరించిన సాక్ష్యములే. నాటి హద్దు కొండవారి మాట వినకుండ గీచినది. నేటి చిత్రమును చేత బట్టిన అధికారి, చేని గట్టుపైకి కూడ నడచి చూచినచో ఆ పాతతప్పు మరల జరుగదు.