కాశీయాత్ర చరిత్ర

కాశీయాత్ర చరిత్ర ఏనుగుల వీరాస్వామయ్య వ్రాసిన తెలుగు యాత్రా గ్రంథం. తెలుగులో వెలువడిన మొట్టమొదటి యాత్రా చరిత్రగా దీనిని సాహిత్య చరిత్రకారులు పరిగణిస్తారు. వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుండి బయలుదేరి, కాశీ, గయ, కలకత్తా, పూరీ మొదలైన ప్రదేశాలు దర్శించి 1831 సెప్టెంబరు 3న తిరిగి చెన్నపట్నం చేరాడు. దారిలో చూసిన విషయాలను ఎప్పటికప్పుడు వ్రాసి తన మిత్రునికి పంపిన లేఖలే తరువాత 1838లో గ్రంథరూపంలో ముద్రింపబడ్డాయి. 19వ శతాబ్ది తొలినాళ్ళ దక్షిణ, ఉత్తర భారత జనజీవనాన్ని తెలుసుకోవడానికి ఇది ముఖ్యమైన ఆధారం.

రచయిత

వీరాస్వామయ్య సుమారు 1780లో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయాడు. తెలుగు, తమిళం, సంస్కృతాలతో పాటు ఇంగ్లీషు కూడా నేర్చి, ఆ భాషాజ్ఞానంతోనే జీవితంలో పైకి వచ్చాడు. ఈస్టిండియా కంపెనీ పాలనలో దొరలకు, దేశీయులకు మధ్య మాటను చేరవేసే ద్విభాషుల అవసరం చాలా ఉండేది. వీరాస్వామయ్య చెన్నపట్నంలోని సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేశాడు. ఒకరి మాటను మరొకరికి ఉన్నదున్నట్లు తెలియజెప్పడం ఆయన వృత్తి. గ్రంథంలో కనిపించే నిశితమైన పరిశీలనకు, వివరాల పట్ల శ్రద్ధకు ఈ వృత్తి అనుభవం తోడ్పడిందని భావించవచ్చు. ఆయన 1836లో మరణించాడు. తన రచన అచ్చులో చూసుకొనే అవకాశం ఆయనకు కలుగలేదు.

యాత్రకు పూర్వరంగం

ఆ కాలంలో కాశీయాత్ర సామాన్యమైన విషయం కాదు. కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటేనన్న సామెత ఊరికే పుట్టలేదు. మన దేశంలో ప్రయాణీకుల రైలు మొదట నడిచింది 1853లో. మద్రాసు ప్రాంతంలో రైలు 1856లో గాని రాలేదు. కాలినడకన, ఎద్దుబండ్ల మీద, గుర్రాల మీద, పల్లకీలలో, పడవలలో ప్రయాణాలు సాగేవి. మధ్య భారత మార్గాలలో థగ్గుల భయం ఉండేది. వారిని అణచివేసే పనిని కంపెనీ ప్రభుత్వం ముమ్మరం చేసింది 1830 దశకంలోనే. 1817 తరువాత దేశమంతటా వ్యాపించిన కలరా యాత్రాస్థలాలలో మరింత ప్రమాదకరంగా ఉండేది. ఒక్కొక్క సంస్థానంలో ఒక్కొక్క నాణెం చెల్లుబాటు అయ్యేది. కంపెనీ పాలిత ప్రాంతాలన్నింటికీ ఒకే రూపాయి ఏర్పడింది 1835లో. ప్రయాగ, గయ, పూరీలలో కంపెనీ వారు యాత్రికుల నుండి పన్ను వసూలు చేసేవారు. ఈ పన్ను 1840లో రద్దయింది.

ఇటువంటి పరిస్థితులలో, సుమారు 50 ఏళ్ళ వయసులో, వీరాస్వామయ్య తన ఉద్యోగానికి సెలవు పెట్టి కుటుంబంతోను, పరివారంతోను యాత్రకు బయలుదేరాడు. ఆ బృందంలో దాదాపు 100 మంది ఉన్నారు. తీర్థదర్శనం, పితృకార్యాల నిర్వహణ ఈ ప్రయాణానికి ప్రధానోద్దేశాలు.

రచనకు కారణం

వీరాస్వామయ్య గ్రంథకర్త కావాలని యాత్రకు వెళ్ళలేదు. ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె, దారిలో చూసిన విశేషాలన్నీ తనకు వ్రాసి పంపవలసిందిగా కోరాడు. ఆ కోరికను మన్నించి వీరాస్వామయ్య దినచర్య రూపంలో లేఖలు వ్రాయసాగాడు. ఇంటి వద్ద ఉన్న ఒక మిత్రునికి అర్థం కావాలన్న ఉద్దేశంతో వ్రాసినందువల్ల, ఈ రచనలో పాండిత్య ప్రదర్శన కన్న విషయ వివరణకే ప్రాధాన్యం కనిపిస్తుంది. తరువాత ఆ దారిన వెళ్ళేవారికి ఉపయోగపడే సమాచారం కూడా ఇందులో సమృద్ధిగా ఉంది.

ప్రయాణ మార్గం

వెళ్ళేటప్పుడు చెన్నపట్నం నుండి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు చేరి, అక్కడి నుండి నాగపూరు, జబల్పూరు, మిర్జాపూరు మార్గంలో ప్రయాగకు, కాశీకి వెళ్ళారు. కాశీ నుండి పాట్నా, గయ చూసుకొని కలకత్తా చేరారు. తిరుగు ప్రయాణంలో పూరీ, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, మచిలీపట్నం, నెల్లూరు మీదుగా చెన్నపట్నం వచ్చారు. ఈ విధంగా నేటి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలోని రాయలసీమ, కోస్తా ప్రాంతాలు మూడూ ఆ ఒక్క యాత్రలోనే ఆయన కంటబడ్డాయి.

విషయ విశేషాలు

మజిలీ మజిలీకి ఊరి పేరు, అంతకు ముందు ఊరి నుండి దూరం, దారి ఎలా ఉన్నది, మంచినీరు ఉన్నదా, బస చేయడానికి వసతి ఉన్నదా, అంగళ్ళలో ఏయే వస్తువులు దొరుకుతాయి అన్న విషయాలను రచయిత నమోదు చేశాడు. పెద్ద పట్టణాల గురించే కాక, చరిత్ర పుస్తకాలకు ఎక్కని చిన్న పల్లెల గురించి కూడా వ్రాశాడు. తమ ఊరి ప్రస్తావన కోసం ఈ పుస్తకాన్ని తిరగవేసే పాఠకులు నేటికీ ఉన్నారు.

హైదరాబాదు రాజ్యంలోని పాలన, సుంకాల వసూలు, నగరంలో ఆయుధాలు ధరించి తిరిగే జనం, ఉత్తరాది ఆచార వ్యవహారాలు, కాశీ, గయలలో యాత్రికులతో పండాల వ్యవహారం మొదలైనవి ఇందులో చర్చకు వచ్చాయి. మధ్య మధ్య వేదాంతం, వర్ణాశ్రమ ధర్మం, సృష్టి క్రమం గురించిన సుదీర్ఘమైన ఆలోచనలు కూడా ఉన్నాయి.

యాత్ర ముగిసిన మరుసటి సంవత్సరమే, అంటే 1832-33లో, గుంటూరు ప్రాంతంలో ఘోరమైన నందన కరువు వచ్చి లక్షకు పైగా ప్రజలు మరణించారు. దీనినే డొక్కల కరువు అని కూడా అంటారు. కరువుకు ముందు కోస్తా ఊళ్ళు ఎలా ఉండేవో ఒక దేశీయుడు తెలుగులో చెప్పిన సాక్ష్యం కావడం వల్ల ఈ గ్రంథపు చివరి భాగానికి ప్రత్యేకమైన విలువ ఏర్పడింది.

భాష

ఈ గ్రంథం ఆనాటి చెన్నపట్నపు విద్యావంతులు మాట్లాడుకొనే తెలుగుకు దగ్గరగా ఉంటుంది. ఉర్దూ, తమిళం, ఇంగ్లీషు పదాలు నిస్సంకోచంగా వాడబడ్డాయి. గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) వ్యావహారిక భాషోద్యమానికి ఎన్నో దశాబ్దాల ముందే ఇటువంటి వచనం అచ్చయింది. అందువల్ల తెలుగు వచన వికాస చరిత్రలో కూడా దీనికి స్థానముంది.

పరిమితులు

ఈ రచనను చదివేటప్పుడు రచయిత స్థితిగతులను దృష్టిలో ఉంచుకోవాలి. ఆయన కంపెనీ పాలనలో ఉన్నతోద్యోగి, సంప్రదాయాన్ని పాటించే బ్రాహ్మణుడు, పరివారంతో మేనాలో ప్రయాణించిన సంపన్నుడు. సంస్థానాల పాలనను ఆయన కంపెనీ పాలనతో పోల్చి తూచడం సహజం. ఆయన మేనాను వందల మైళ్ళు మోసిన బోయీలు కూడా అదే దారిని, అవే ఊళ్ళను చూశారు. వారు చూసినదేమిటో వ్రాసినవారు లేరు. కనుక ఆనాటి సమాజాన్ని గురించి నిర్ణయాలు చేసేవారు దీనిని ఇతర ఆధారాలతో కలిపి చదవడం మంచిది.

ముద్రణలు

వీరాస్వామయ్య మరణానంతరం శ్రీనివాసపిళ్ళె ఈ లేఖలను గ్రంథంగా కూర్చి 1838లో ప్రకటించాడు. మిత్రుడు వాటిని భద్రపరచి ఉండకపోతే ఈ రచన మనకు దక్కేది కాదు. రెండవ ముద్రణ 1869లో వెలువడింది. ఆ తరువాత చాలాకాలం ప్రతులు దొరకని స్థితి ఏర్పడగా, చరిత్ర పరిశోధకుడు దిగవల్లి వేంకటశివరావు (1898–1992) పీఠికతోను, వివరణలతోను 1941లో మూడవ ముద్రణను తెచ్చాడు. నేటి పాఠకులకు, పరిశోధకులకు ఎక్కువగా తెలిసినది ఈ ముద్రణే. 1973లో ఇంగ్లీషు అనువాదం కూడా వచ్చింది.

తరువాతి యాత్రా రచనలు

కాశీయాత్ర చరిత్ర తరువాత తెలుగువారి యాత్రా రచనలు అనేకం వెలువడ్డాయి. కోలా శేషాచల కవి నీలగిరి యాత్ర వ్రాశాడు. 1870 దశకంలో ఇంగ్లాండు వెళ్ళి వచ్చిన పోతం జానకమ్మ రాఘవయ్య తన అనుభవాలను గ్రంథస్థం చేసింది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి తన కాశీయాత్రను గురించి వ్రాశాడు. నాయని కృష్ణకుమారి కాశ్మీర దీపకళిక, కాలినడక ప్రయాణాలతో ప్రసిద్ధుడైన మాచవరపు ఆదినారాయణ వ్రాసిన భ్రమణకాంక్ష ఆధునిక కాలపు రచనలలో పేర్కొనదగినవి. పుణ్యం కోసం బయలుదేరిన వీరాస్వామయ్యకు, లోకాన్ని చూడాలని బయలుదేరిన ఈ తరువాతి వారికి ఉద్దేశాలు వేరైనా, చూసినదాన్ని రాలేనివారికి చెప్పాలన్న కోరిక మాత్రం ఒకటే.