ఉమ్మెత్త పొగ నుండి వేగస్ నాడి వరకు

ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చడం మన దేశంలో పాతకాలపు చికిత్స. మద్రాసులో పనిచేసిన వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ మూలంగా అది 1802లో ఇంగ్లండుకు చేరింది. ఆ పొగతో ఆయాసం తగ్గేది. ఎందుకు తగ్గుతున్నదో మాత్రం అప్పటి వైద్యులకు తెలియదు.

కారణం జంతువులపై జరిపిన ప్రయోగాలలో బయటపడింది. 1903లో డిక్సన్, బ్రాడీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞులు మత్తులో ఉంచిన పిల్లులలో వేగస్ నాడిని ప్రేరేపించగా శ్వాసనాళికలు ముడుచుకున్నాయి. ముక్కు లోపలి పొరను ప్రేరేపించినా అదే జరిగింది. అంటే ముక్కు నుండి సంకేతం మెదడుకు, అక్కడి నుండి ఆజ్ఞ వేగస్ ద్వారా ఊపిరితిత్తులకు చేరుతున్నది. ఇదే అసంకల్పిత ప్రతీకార చర్య. అట్రోపిన్ ఇస్తే ఆ సంకోచం ఆగింది. ఉమ్మెత్తలో ఉన్నదీ ఆ కోవకు చెందిన పదార్థమే.

1972లో అమెరికాలో వారెన్ గోల్డ్ బృందం ఎలర్జీ గల కుక్కలచేత వాటికి సరిపడని పదార్థాన్ని పీల్పించింది. వేగస్ నాడులను చల్లబరచి స్తంభింపజేయగా నాళికల సంకోచం చాలావరకు తగ్గింది. ఎలర్జీ ఆయాసంలోనూ నాడికి పాత్ర ఉన్నదని తేలింది.

కాబట్టి అగరుబత్తి పొగకో, తాలింపు ఘాటుకో ఉబ్బస రోగికి ఊపిరి బిగుసుకుంటే దానిని నటన అనుకోరాదు. అందులో నాడి ప్రమేయం ఉన్నది. అయితే ఉమ్మెత్త జోలికి పోవద్దు. అది మతిభ్రమణం కలిగిస్తుంది, ప్రాణం కూడా తీయగలదు. అట్రోపిన్ వంశానికే చెందిన ఇప్రాట్రోపియం నేడు పీల్చే మందుగా లభిస్తున్నది. వైద్యుని సలహాతోనే వాడండి. నాళికల వాపును తగ్గించే ఇన్‌హేలర్‌ను మాత్రం దీనికోసం మానరాదు.