సూపర్‌మ్యాన్ చలనచిత్రాలలో క్రైస్తవ ఛాయలు : ఒక చారిత్రక పరిశీలన

సూపర్‌మ్యాన్ కథను క్రీస్తు కథకు ప్రతిరూపంగా చదవడం అమెరికన్ విమర్శలో వాడుకగా స్థిరపడింది. పైలోకం నుంచి తండ్రి పంపిన కుమారుడు, నిరాడంబర దంపతుల ఇంట పెంపకం, మరుగున గడిచిన యౌవనం, లోకరక్షణకు బయలుదేరడం వంటి పోలికలు తేలికగానే దొరుకుతాయి. అయితే పోలిక దొరకడం వేరు, అది అక్కడికి ఎప్పుడు, ఎవరి చేత చేరిందో తేల్చడం వేరు. చరిత్ర పరిశోధనకు రెండవదే ప్రధానం.

ఈ పాత్రను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ 1914లో జన్మించినవారు, యూరప్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాల బిడ్డలు. క్లీవ్‌లాండ్ నగరంలో చదువుకునే రోజుల్లో మిత్రులయ్యారు. వారి కథ 1938 జూన్ నాటి ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికలో అచ్చయింది. హక్కులకు వారికి ముట్టినది 130 డాలర్లు. నశించబోయే గ్రహం నుంచి పసివాణ్ణి వాహనంలో ఉంచి పంపివేయడం, పరాయి లోకంలో అతడు పెరగడం అనే కథాబీజానికి దగ్గరి పోలిక సువార్తలలో కంటే నిర్గమకాండంలోనే కనిపిస్తుంది. జమ్ముపెట్టెలో నదీతీరాన విడువబడి ఫరో కుమార్తె ఇంట పెరిగిన మోషే అక్కడి శిశువు. తొలి సంచికలోని వీరుడు చేసే పనులు కూడా పారలౌకికమైనవి కావు. ఉరిశిక్ష పడిన నిరపరాధిని కాపాడతాడు, భార్యను హింసించేవాణ్ణి శిక్షిస్తాడు, అవినీతి రాజకీయాలను వెంటాడతాడు. అది ఆర్థికమాంద్యం నాటి అమెరికా ఆక్రోశం.

ఈ యూదు మూలాన్ని ముందుగా ఎత్తిచూపినవారిలో మిత్రులే కాదు, శత్రువులూ ఉన్నారు. 1940 ఫిబ్రవరిలో ‘లుక్’ పత్రికలో సూపర్‌మ్యాన్ హిట్లర్‌నూ స్టాలిన్‌నూ పట్టుకుని నానాజాతి సమితి ముందు నిలబెట్టిన బొమ్మల కథ వచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే నాజీ ఎస్.ఎస్. దళాల వారపత్రిక సీగెల్‌ను యూదుడని పేర్కొంటూ ఎద్దేవా చేసింది. అయితే ఈ మూలాన్ని నిరూపించే ఉత్సాహంలో కొందరు మరీ దూరం వెళ్లారు. ‘కల్-ఎల్’ అనే పేరులోని ‘ఎల్’ హీబ్రూలో దేవుడని అర్థమిచ్చే పదమన్న వాదం విస్తృతంగా ప్రచారంలో ఉంది. కానీ తొలి రూపంలో అది కేవలం ‘ఎల్’ అనే ఆంగ్లాక్షరం. తండ్రి పేరులో అది పదంగా మారినది 1942లో జార్జ్ లోథర్ రాసిన నవలతో. వ్యుత్పత్తి ఎంత అందంగా ఉన్నా కాలక్రమం ముందు నిలవాలి.

క్రీస్తు సాదృశ్యం నిర్దిష్టంగా ప్రవేశించినది 1978లో రిచర్డ్ డానర్ దర్శకత్వం వహించిన చిత్రంలో. మార్లన్ బ్రాండో ధరించిన తండ్రి పాత్ర తెల్లని కాంతిలో మెరుస్తూ, మానవుల మేలుకోసం తన ఏకైక కుమారుణ్ణి పంపుతున్నానంటుంది. తెలుగు బైబిలు చదివినవారికి ఇక్కడ యోహాను సువార్తలోని ‘అద్వితీయకుమారుడు’ అనే మాట స్ఫురించక మానదు. పద్దెనిమిదో ఏట ఇల్లు విడిచిన యువకుడు పన్నెండేళ్ల ఏకాంత శిక్షణ తరువాత లోకానికి కనిపిస్తాడు. యేసు బోధ ఆరంభించినప్పుడు ఆయనకు దాదాపు ముప్పై ఏళ్లని లూకా చెప్పాడు. ఈ సాదృశ్యం ఉద్దేశపూర్వకమేనని చిత్రకథను తీర్చిదిద్దిన టామ్ మాంకీవిచ్ తరువాత అంగీకరించారు కూడా. ఇక్కడ క్రైస్తవం కథా నిర్మాణంలో ఇమిడి ఉంది.

2013 నాటి ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ను గురించి అలా చెప్పడం కష్టం. కథానాయకుడు భూమిపై 33 ఏళ్లు గడిపానంటాడు. చర్చిలో గురువుతో మాట్లాడేటప్పుడు అతని వెనుక గాజుకిటికీలో గెత్సేమనే తోటలో ప్రార్థిస్తున్న క్రీస్తు కనిపిస్తాడు. అంతరిక్షనౌక నుంచి చేతులు చాచి సిలువ భంగిమలో జారుతాడు. ఇన్ని సంకేతాలు పేర్చిన చిత్రం చివరకు శత్రువు మెడను నాయకుడి చేతులతోనే విరిపిస్తుంది. శత్రువును ప్రేమించమన్న కొండమీది ప్రసంగానికీ దీనికీ పొంతన కుదరదు. నిర్మాణ సంస్థ పాస్టర్లకు ప్రత్యేక ప్రదర్శనలు ఏర్పాటు చేసి, పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు క్రెయిగ్ డెట్‌వైలర్ చేత ప్రసంగ పాఠాలు రాయించి పంచింది. 2004లో ‘ది ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్’ 60 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశాక హాలీవుడ్ దృష్టిలో విశ్వాసులు ఒక విపణిగా మారారు. అందువల్ల ఈ చిత్రంలో ‘కనుగొన్న’ క్రైస్తవ ఇతివృత్తాలను పరిశోధకులు పాఠకుల వ్యాఖ్యానంగా కాక, ప్రచార సామగ్రిలో భాగంగా మొదట పరిశీలించడం సమంజసం.

అదే పాత్ర మరొక విశ్వాస ప్రపంచంలోకి వెళ్తే ఏమవుతుందో చూపే నిదర్శనం తెలుగులోనే ఉంది. డానర్ చిత్రం వచ్చిన రెండేళ్లకు, 1980లో, వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు నటించిన ‘సూపర్‌మ్యాన్’ విడుదలైంది. పేరు అమెరికాదే. కానీ ఇందులో గ్రహం పేలదు, కుమారుణ్ణి పంపే తండ్రి ఉండడు. తల్లిదండ్రులను పోగొట్టుకున్న బాలుడికి ఆంజనేయుడు ప్రసన్నుడై శక్తులనిస్తాడు. పుట్టుకతో వచ్చిన దివ్యత్వం స్థానంలో భక్తికి దక్కిన వరం నిలిచింది.