ముందు నడిచే డప్పు, పైన పడే పేరు

జానపదాన్ని గిటారుతో కలిపి పాడే ఒక బ్యాండుకి ఉత్సవంలో ప్రధాన వేదిక ఇవ్వవచ్చునా? దానికి ఆ అర్హత ఉందా? కాలేజీ వార్షికోత్సవాల దగ్గర, ఊరి తీర్థం కమిటీల్లో, మన సంఘాల సమావేశాల్లో కూడా ఈ ప్రశ్న వస్తూనే ఉంది. ఒకరు ‘అదేం సంగీతమండీ, గోల’ అంటారు. ఇంకొకరు ‘మన పాటని అమ్ముకు తింటున్నారు’ అంటారు. మూడోవారు ‘జనం విరగబడి వస్తన్నారు కదా, ఇంకేటి కావాలి’ అంటారు. ఈ మూడు మాటలూ అర్హత గురించే. కానీ ఆ అర్హతని కొలిచేదెవరు, ఏ కొలతతో కొలుస్తున్నారు అని అడిగేవాళ్ళు తక్కువ. మేం ఇక్కడ ఆ కొలత చరిత్రని చూడదల్చుకున్నాం.

చోడవరం నుంచే మొదలుపెడదాం. 2022 ఏప్రిల్ 4 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ రోజు నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన ప్రాంతం ఇది. చెరుకు, బెల్లం, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ తిరిగిన బతుకు ఇక్కడిది. సంక్రాంతి వెళ్ళగానే చుట్టుపక్కల ఊళ్ళలో తీర్థాలు మొదలవుతాయి. తీర్థమంటే దేవుడి పండగ, సంత, చుట్టాల రాక, రాత్రి స్టేజి ప్రోగ్రాం అన్నీ కలిసినది. ఊరేగింపులో అందరికంటే ముందు నడిచేది డప్పు. పలక అని కూడా అంటాం. దాని వెనక తప్పెటగుళ్ళు, కోలాటం, సన్నాయి మేళం. రాత్రయ్యేసరికి స్టేజి మీద లైట్లు, ఆర్కెస్ట్రా.

ఇప్పుడు తీర్థం కరపత్రం ఒకటి చేతిలోకి తీసుకోండి. పైన పెద్ద అక్షరాల్లో ఆర్కెస్ట్రా పేరు, గాయకుల ఫొటోలు. కింద కమిటీ పెద్దల పేర్లు, చందాలిచ్చినవారి పేర్లు. మైకుసెట్టు, షామియానా వాళ్ళ పేర్లు కూడా ఉంటాయి. పొద్దున్నించీ పలక కొట్టినవాళ్ళ పేర్లు మాత్రం ఉండవు. ఆర్కెస్ట్రా వచ్చిందా అని పేరుపెట్టి అడుగుతారు. డప్పు సంగతి అడగాల్సొస్తే ‘పలకోళ్ళొచ్చేరా?’ అంటారు, అంతే. ఊరేగింపులో అందరికీ ముందు నడిచినవాడికి కాగితం మీద ఆఖరి వరుసలో కూడా చోటు లేదు. ప్రధాన కార్యక్రమం ఎవరిది అనే ప్రశ్నకి మన ఊళ్ళు ఎప్పుడో జవాబు చెప్పేశాయి. ఆ జవాబు సంగీతాన్ని విని చెప్పింది కాదు, కులాన్ని చూసి చెప్పింది.

డప్పులో విద్య లేకనా? చెక్క చట్రం మీద తోలు బిగించడం ఒక విద్య. మంట దగ్గర కాచి, వేళ్ళతో మీటి, సరైన పలుకు వచ్చిందాకా ఆగడం ఇంకో విద్య. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో సిటికెన పుల్ల. పెళ్ళికొక దెబ్బ, చావుకొక దెబ్బ, జాతరకొక దెబ్బ. దూరంగా పొలంలో ఉన్నవాడు దెబ్బ విని ఊళ్ళో ఏం జరిగిందో చెప్పగలడు. తంబురా తీగ బిగిస్తే అది శ్రుతి చెయ్యడం అయింది, శాస్త్రం అయింది. తోలు కాస్తే అది పని అయింది. తేడా చెవిలో లేదు. తీగకి లేని అంటు తోలుకి అంటగట్టారు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. డప్పు కొట్టేవాడికి ‘నేను కొట్టను’ అనే వీలు లేదు. పిలిస్తే వెళ్ళాలి. శవం ముందైనా, దేవర ముందైనా, దొర ముందైనా కొట్టాలి. కొట్టనంటే పనుల్లోకి పిలవరు, కొట్లో సరుకివ్వరు, నీళ్ళ దగ్గరికి రానివ్వరు. పౌరహక్కుల పరిరక్షణ చట్టంలో 1976 సవరణ, అంటరానితనం పేరుతో చేయించే నిర్బంధపు పనిని నేరం చేసింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం వెట్టిని నేరమంది. 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కారాన్ని కూడా ఆ జాబితాలో చేర్చింది. చట్టానికి ఇన్నిసార్లు చెప్పాల్సొచ్చిందంటే ఊళ్ళో సంగతి ఏమిటో వేరే వివరించక్కర్లేదు. కొట్టననే హక్కు లేనప్పుడు కొట్టడం ఎంత గొప్పగా ఉన్నా అది చాకిరీ కిందే జమ. కొట్టనని చెప్పగలిగిన రోజునే అది కళ అవుతుంది. ఈ వ్యాసంలో మేం చెప్పదల్చుకున్న అసలు మాట ఇదే.

పాట చరిత్రలోనూ ఇదే వరస. జాతీయోద్యమం రోజుల్లో శ్రీకాకుళం ప్రాంతంవాడు గరిమెళ్ళ సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనం’ రాసి జైలుకి వెళ్ళాడు. ఆ త్యాగం చిన్నది కాదు. అదే కాలంలో రాజమండ్రి దళిత కవి కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనం’ రాశాడు. తెల్లదొర పోతే ఊళ్ళో దొర మాటేమిటి అని అడిగాడు. ఒక పాట స్కూలు పుస్తకాల్లోకి, జెండా పండగల్లోకి వెళ్ళింది. రెండోదాన్ని ఎన్నో ఏళ్ళ తర్వాత దళిత ఉద్యమం వెతికి బయటికి తియ్యాల్సొచ్చింది. రెండో పాటకి అర్హత తక్కువై వెనకబడిందని ఎవరైనా అనగలరా? దానికి వేదిక లేదు. అంతే తేడా.

వేదికని బద్దలుకొట్టిన సందర్భాలూ ఉన్నాయి. 1972లో మొదలైన జననాట్యమండలి పల్లె బాణీని, గొంగడిని, గజ్జెని, డప్పుని సభ మధ్యకి తెచ్చింది. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర యాసని యాసగానే పాడాడు. దళితుడైన గద్దర్ 1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కాలేజి మైదానంలో పాడినప్పుడు లక్షల మంది వచ్చారు. ఆ సభకి ప్రధాన కార్యక్రమం పాటే. కాబట్టి జనాదరణ ఉన్న పాట పలచనిదనే వాదన మాకు నచ్చదు. ఆ లెక్కన గద్దర్ కూడా పలచన కావాలి.

అయితే జనాదరణ ఒక్కటే పాటకి కాపలా కాయదు. వంగపండు ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ 1986లో ‘అర్ధరాత్రి స్వతంత్రం’ సినిమాలో పోరుపాటగా వినిపించింది. 2009లో ‘మగధీర’లో ఆ పల్లవి మాటలు హుషారు డాన్సు పాటలో వచ్చాయి. థియేటర్లో ఈలలు వేసినవాళ్ళలో ఎంతమందికి అది ఎవరి మాటో తెలుసు? పాట పైకెక్కడం, పాట పుట్టిన నేల పైకెక్కడం ఒకటి కాదు.

ఇక మనలో మనకున్న తగువు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు తర్వాత లేచిన దళిత చైతన్యం డప్పుని రెండు రకాలుగా చూసింది. ఇది బానిసత్వపు గుర్తు, పారెయ్యాలి అన్నవాళ్ళున్నారు. ఇది మన గొంతు, గట్టిగా కొట్టాలి అన్నవాళ్ళున్నారు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన ఉద్యమం తన పేరులోనే దండోరాని పెట్టుకుంది. ఊరి పెద్ద హుకుం వినిపించడానికి వేసిన దండోరా, తమ హక్కు తాము చాటుకునే దండోరా అయింది. 1995లో వచ్చిన దళిత కవితా సంకలనం ‘చిక్కనవుతున్న పాట’ కూడా పాటనే పేరులో నిలబెట్టింది. ఈ రెండు వాదనలూ ఒకదానికొకటి శత్రువులని మేం అనుకోవటం లేదు. పారేస్తానన్నవాడు తన ‘కాదు’ని వాడుకున్నాడు. గట్టిగా కొట్టినవాడు తన ‘అవును’ని వాడుకున్నాడు. రెండూ తమ ఇష్టంతో చేసినవే.

గిటారు కలిస్తే జానపదం చెడుతుందా అనే భయం మన ఒక్కరిదే కాదు. 1965 జూలై 25న అమెరికాలో న్యూపోర్టు జానపదోత్సవంలో బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని వేదికెక్కితే జనంలో కొందరు కేకలేశారు. ఆ గొడవ ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. కానీ ఆ రాక్ సంగీతానికి తల్లివేరు నల్లవాళ్ళ బ్లూస్. నల్లజాతి గాయని బిగ్ మామా థార్న్‌టన్ 1952లో రికార్డు చేసిన ‘హౌండ్ డాగ్’ని 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడాక ప్రపంచానికి అది ఎల్విస్ పాటే అయింది. అక్కడ పోయింది స్వచ్ఛత కాదు, పేరు. స్వచ్ఛత గురించి అతిగా బెంగపడటం మనకి తగదు కూడా. ముట్టుకుంటే మైలపడుతుందనే మాట మనం ఇంకోచోట విన్నదే. పలక పక్కన గిటారు నిలబడితే పలకకి మైల లేదు.

పక్క రాష్ట్రంలో ఒక పాఠం ఉంది. చెన్నైలో ఏటా డిసెంబరులో మార్గళి కచేరీలు జరుగుతాయి. అక్కడ పాడే కీర్తనల్లో పెద్ద వాటా మన తెలుగువే. గానా పాటకి, పరైకి ఆ సభల్లో చోటెక్కడ? 2018 జనవరి 6న ఆ ఊరి కీల్పాక్‌లో ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ అనే బ్యాండు మొదటి ప్రదర్శన ఇచ్చింది. దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా కలిసి కట్టిన బృందమది. కులం లేని తమిళులు అన్న అయోతీదాస్ పండితుని మాట నుంచి పేరు తీసుకున్నారు. గానా, పరై, ర్యాప్, రాక్ కలిపారు. రిజర్వేషన్ల మీద, కులం మీద పాడారు. బస్తీల నుంచి వచ్చిన గాయకులు వెనక నిలబడి తాళం వెయ్యలేదు, ముందు నిలబడి తమ పేరుతో పాడారు. ఆ బృందంలోని గాయని ఇసైవాణి 2020లో బీబీసీ వందమంది మహిళల జాబితాలోకెక్కింది. అదే ఏడాది డిసెంబరులో రంజిత్ నీలం సంస్థ ‘మార్గళియిల్ మక్కళిసై’ పేరుతో జనం పాటకి వేరే ఉత్సవమే పెట్టింది. మాకు అర్హత ఉందా అని సభల్ని అడగకుండా సొంత వేదిక కట్టుకున్నారు. అలాంటి బ్యాండుకి ప్రధాన వేదిక ఇవ్వవచ్చునా అంటే, ఇవ్వాలి అని మేం గట్టిగానే అంటాం.

తెలుగులోనూ బ్యాండ్లున్నాయి. హైదరాబాదు చౌరస్తా బ్యాండు పల్లె పలుకుని గిటారుతో పాడి కుర్రకారుకి దగ్గరైంది. ఫలానా బ్యాండుని వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. మా గురి ఉత్సవాన్ని కట్టే పద్ధతి మీద. దక్కలి కులానికి చెందిన కిన్నెర మొగులయ్య సంగతి చూడండి. ‘భీమ్లా నాయక్’ పాటతో 2021లో ఆ గొంతు ఇంటింటికీ వెళ్ళింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మేలో ఆయన హైదరాబాదు శివార్లలో కూలిపనికి వెళ్తున్నాడని పత్రికలు రాశాయి. పాట ఆకాశంలో, పాడినవాడు ఇటుకల దగ్గర! ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024 జూలై నుంచి నెలకి 4,000 రూపాయలైంది. ఇది మంచిదే. ప్రభుత్వం వాళ్ళని కాగితం మీద కళాకారులంటోంది. ఊరి కరపత్రం ఎప్పుడంటుంది?

కాబట్టి బ్యాండు అర్హతని తేల్చేవాళ్ళు మొదట నాలుగు ప్రశ్నలు అడగాలి. డప్పు కొట్టేవాళ్ళ పేర్లు పోస్టరు మీద ఉన్నాయా? గిటారు వాయించేవాడితో సమానంగా డబ్బు ముడుతోందా? పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో స్టేజి మీద చెబుతున్నారా? వద్దనుకుంటే రానని చెప్పే వీలు డప్పువాళ్ళకి ఉందా? ఈ నాలుగింటికీ ‘ఉంది’ అనే జవాబొస్తే ఆ బ్యాండుకి పెద్దపీట వెయ్యండి, మేమూ వచ్చి వింటాం. లేదంటే అది ఎంత బాగా పాడినా మన ఊరి పాత ఊరేగింపుకే కొత్త లైట్లు పెట్టినట్టు.

ఇది చదివే విద్యార్థులూ, ఉపాధ్యాయులూ, కార్యకర్తలూ ఒక చిన్న పని చెయ్యొచ్చు. వచ్చే సంక్రాంతి తర్వాత మీ ఊరి తీర్థం కరపత్రం అచ్చుకి వెళ్ళకముందే కమిటీ దగ్గరికెళ్ళండి. పలక కొట్టేవాళ్ళ ఇళ్ళకెళ్ళి ముందు వాళ్ళనే అడగండి, వాళ్ళు ఒప్పుకుంటే పేర్లు రాసుకురండి. ఆ పేర్లని ఆర్కెస్ట్రా పేరు కింద కాదు, పక్కన వెయ్యమనండి. ఎవరు అభ్యంతరం చెబుతారో, ఏ మాటతో చెబుతారో రాసి పెట్టుకోండి. అర్హత గురించిన అసలు చరిత్ర ఆ మాటల్లోనే దొరుకుతుంది.