బస్తీలో తయారైన నాయకత్వం

నాయకత్వ శిక్షణ అనే మాట ఇప్పుడు పల్లెపల్లెకూ చేరింది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక, రిజర్వేషన్ల ద్వారా గెలిచిన దళిత సర్పంచులకూ వార్డు సభ్యులకూ తరగతులు పెట్టడం ఒక ఆనవాయితీ అయింది. స్వచ్ఛంద సంస్థలు కూడా బస్తీల్లో చురుకైన వాళ్లను ఏరి, మూడు రోజులో ఐదు రోజులో కూచోబెట్టి, సర్టిఫికెట్లు చేతిలో పెడుతున్నయి. చట్టాలు, పద్దులు తెలుసుకోవడం అవసరమే. దాన్ని మేం కాదనడం లేదు. మా అభ్యంతరమంతా ఆ తరగతుల వెనక ఉన్న ఊహ మీదనే. దళితవాడలో నాయకత్వం లేదు, బయటివాళ్లొచ్చి నేర్పాలి అనేదే ఆ ఊహ. మన చరిత్ర ఈ మాటను ఒప్పుకోదు. నూరేళ్ల కిందటి హైదరాబాదు బస్తీలను చూస్తే చాలు, నాయకులు ఎట్లా తయారౌతారో తెలుస్తుంది.

మాదరి భాగయ్య 1888లో హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టాడు. తర్వాత భాగ్యరెడ్డి వర్మగా పేరుపొందాడు. ఆయన గొప్పతనం గురించి చాలామంది రాశారు. ఒక మహానుభావుడు వచ్చి జాతిని మేల్కొల్పాడన్నట్టుగా సాగుతాయి ఆ రాతలు. అట్లా చెప్పుకుంటే ఆయన చుట్టూ పనిచేసిన వందలమంది కనబడకుండా పోతారు. అందుకే ఆయన పెట్టిన సంస్థలను మనుషులను తయారుచేసిన పనిచోట్లుగా చూడాలని మేం అనుకుంటున్నాం.

1906లో జగన్మిత్ర మండలి మొదలైంది. దాని పనిముట్లు భజన, హరికథ. చదువురాని బస్తీకి చేరాలంటే అంతకంటే దగ్గరి దారి లేదు. ఇక్కడ గమనించాల్సింది ఏమంటే, పాడినవాడూ అందులోనే నేర్చుకున్నాడు. పదిమంది ముందు నిలబడటం, గొంతెత్తటం, కథ నడుమ తాగుడు గురించో చదువు గురించో ఒక మాట వేసి జనం ఏమంటున్నారో చూడటం, ఇదంతా ఉపన్యాసకళలో శిక్షణే. కూలికి పోయొచ్చిన మనిషి రాత్రిపూట నేర్చుకున్న శిక్షణ అది.

1911లో మండలి మన్యసంఘంగా మారింది. 1920ల్లో అదే ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. అంతకుముందే, 1910లో, ఈసామియా బజారులో బడి పెట్టారు. రాజ్యం పని ఉర్దూలో నడుస్తున్న కాలంలో బస్తీపిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పిన బడులివి. 1930ల మొదటికి ఇట్లాంటివి 26 అయ్యాయి, దాదాపు 2,500 మంది పిల్లలు చదివారు. బడి అంటే పిల్లల చదువొక్కటే కాదు. గది వెతకాలె, పంతులు జీతానికి చందాలు పోగుచెయ్యాలె, పనికి పంపే తల్లిదండ్రులను ఒప్పించాలె, లెక్క రాయాలె, ఆ లెక్క నలుగురికీ చూపాలె. ఈ పనులు చేసినవాడు బస్తీకి జవాబుదారీ అవుతాడు. నమ్మకం అక్కడ పుడుతుంది.

మూడోది పంచాయతీ. పాత కులపంచాయతీలో పెద్దరికం వంశంతో వచ్చేది, జుర్మానా సొమ్ము తాగుడుకు పోయేది. ఆది హిందువుల తగాదాలు తీర్చటానికి ఉద్యమం తన సొంత పంచాయతీ కోర్టులను నిలబెట్టింది. పోలీసు దగ్గరికీ దొర గడప దగ్గరికీ పోకుండా తమ తీర్పు తామే చెప్పుకోవటం అంటరాని కులాలకు చిన్న సంగతి కాదు. ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి, ఇరుపక్షాల మాటా విని తీర్పు చెప్పే చోట కూచున్నాడు.

ఈ అనుభవం నుంచే 1917 నవంబరు నాటి బెజవాడ సభను అర్థం చేసుకోవాలి. కోస్తాలో జరిగిన పంచమ మహాజన సభకు హైదరాబాదు బస్తీమనిషి అధ్యక్షుడయ్యాడు. ‘పంచమ’ అనే పేరు శాస్త్రాల్లోనే లేదని, మేం ఈ నేల మొదటి మనుషులమని వాదన లేచింది. పేరు మారింది, ‘ఆది ఆంధ్ర’ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును అంగీకరించింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో ‘ఆది హిందూ’ నమోదైంది. తన పేరు తాను పెట్టుకునే హక్కు దగ్గరే నాయకత్వం మొదలవుతుందని మేం అనడానికి కారణమిదే.

అయితే ఈ చరిత్రను పూజగదిలో పెట్టొద్దు. ఉద్యమం జోగిని దురాచారాన్ని ఎదిరించింది, ఆడపిల్లల్ని చదివించింది, కాని ఆడవాళ్లను బాగుచెయ్యాల్సిన వాళ్లుగానే ఎక్కువ చూసింది. సంఘం బాధ్యతల్లో వాళ్ల పేర్లు అరుదు. టీచరుగా పనిచేసి 1951లో చిలకలగూడ నుంచి మున్సిపాలిటీకి గెలిచిన ఈశ్వరీబాయి, 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతి అయిన టి.ఎన్. సదాలక్ష్మి తమ దారి తామే చేసుకోవాల్సి వచ్చింది.

రెండో లోటు ఉపకులాల మధ్యది. ‘ఆది హిందూ’ అనే గొడుగు కింద మాదిగల వాటా ఎంత అన్న ప్రశ్న అప్పుడే లేచింది. 1931లో అరుంధతీయ మహాసభ ఏర్పడింది. దాన్ని చీలిక అని కొట్టిపారేయటం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. 1994లో మొదలైన దండోరా అడిగిందీ వాటా గురించే. వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పటానికి 2024 ఆగస్టు 1 దాకా పట్టింది. వాటా పంచుకోవడం నేర్పని శిక్షణ సగం శిక్షణే.

మూడోది, బడుల సంగతి. చివరికి వాటిని నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకున్నది. జీతాల బెంగ తీరింది, నిజమే. కాని బస్తీ తన మనుషులను తయారుచేసుకునే చోటొకటి చేజారింది. 1939లో భాగ్యరెడ్డి వర్మ చనిపోయేనాటికి నాయకులు వేర్వేరు సంఘాల్లో ఉన్నారు. తర్వాతి దశాబ్దంలో కొందరు నిజాం వైపు, కొందరు అంబేడ్కర్ ఫెడరేషన్ వైపు నిలబడ్డారు. ఆ కొట్లాటలను లోపలుండి చూసిన పి.ఆర్. వెంకటస్వామి 1955లో ‘అవర్ స్ట్రగుల్ ఫర్ ఇమాన్సిపేషన్’ అని రెండు సంపుటాలుగా రాసిపెట్టాడు. ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉండబట్టి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన మాలాంటి వాళ్లకు విశ్వవిద్యాలయం లైబ్రరీకి వచ్చిందాకా మన బస్తీల కథే మనకు అందలేదు.

ఈ చరిత్ర నుంచి మేం తీసుకునే పాఠం ఒకటే. హైదరాబాదు బస్తీల్లో పని ముందు వచ్చింది, హోదా తర్వాత వచ్చింది. నేటి తరగతుల్లో ఇది తలకిందులైంది. సర్టిఫికెట్ ముందు వస్తున్నది, బస్తీ అప్పగించిన పని ఏదీ ఉండటం లేదు. ఒక దళిత మహిళా సర్పంచుకు తరగతిలో అధికారాలన్నీ వల్లెవేయించి, ఊళ్లో కుర్చీ మాత్రం ఇంకొకరు కూచునేటట్టు వదిలేస్తే అది శిక్షణ ఎట్లా అవుతుంది? ఆమె వెనక లెక్క అడిగే సంఘం, తగాదా తీర్చే పంచాయతీ, అక్షరం నేర్పే బడి ఉండాలె. అవి ఉన్నచోట నాయకురాలు దానంతటదే తయారౌతుంది. తరగతులు పెట్టేవాళ్లు మా వాడలకు వచ్చినప్పుడు ముందుగా అడగాల్సింది, ఇక్కడ ఇదివరకు ఎవరు ఏ పని నడిపారు అని. జవాబు చెప్పగల ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్లుండగానే ఆ మాటలు రాసిపెట్టటం మన పని.