మళ్లీ పంపే ముందు ఎంతసేపు ఆగాలి?

1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపింది. పేరు అలోహానెట్. ఇద్దరు ఒకేసారి పంపితే రెండు సందేశాలూ పాడయ్యేవి. అందినట్టు జవాబు రాకపోతే మళ్లీ పంపాలి. ఇద్దరూ ఒకే వ్యవధి ఆగితే మళ్లీ ఢీకొంటాయి కదా! అందుకే ఎవరెంతసేపు ఆగాలన్నది యాదృచ్ఛికతకే వదిలేశారు. అసలైన తెలివి అక్కడే ఉంది.

తర్వాత తీగలతో కంప్యూటర్లను కలపడానికి వచ్చిన ఈథర్‌నెట్ ఢీకొన్న ప్రతిసారీ నిరీక్షణ పరిధిని ఒక హద్దు దాకా రెట్టింపు చేసింది.

ఈ ఓర్పు కొరవడితే ఏమవుతుందో 1986 అక్టోబరులో తేలింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల నుంచి పక్కనే ఉన్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి డేటా వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40కి కూలింది. దారి కిక్కిరిసినా కంప్యూటర్లు పంపిందే పంపుతూ పోయాయి. ఆ ప్రయోగశాల పరిశోధకుడు వాన్ జాకబ్సన్ 1988లో ప్రచురించిన పరిష్కారాల్లోనూ రెట్టింపు నిరీక్షణ ఉంది.

ఈథర్‌నెట్ మాత్రం 16 ప్రయత్నాలూ ఢీకొంటే ఆ సందేశాన్ని వదిలేసేది.