కోటిపల్లి స్టేషన్: అరవై నాలుగేళ్ల ఇంతజార్

జపాన్‌లో ఒక్క స్కూలు పిల్ల కోసం రైల్వే స్టేషన్ నడిపారన్న కిస్సా మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. 2016 జనవరిలో అది దునియా అంతా తిరిగింది. హొక్కైడో దీవిలో కొండల మధ్య ఉన్న క్యూ-షిరతాకి అనే చిన్న స్టేషన్ అది. చాలామంది అదే లైనులోని ఇంకో స్టేషన్ పేరు రాసేశారు. అసలు అక్కడ చదువుల సంవత్సరం ముగిసేదీ, రైళ్ల టైంటేబుల్ మారేదీ మార్చిలోనే. ఆ మార్చిలోనే స్టేషన్ మూశారు. కిస్సాలో కొంత మసాలా ఉంది, అయినా వాహ్ వాహ్ అన్నాం. మరి మన గోదావరి ఒడ్డున ఉన్న స్టేషన్ దాస్తాన్ ఎందరికి మాలూమ్?

కాకినాడ నుంచి కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 45 కిలోమీటర్ల రైలుదారి 1928లో పడింది. పొడవునా వరిచేలే. ద్రాక్షారామంలో భీమేశ్వరుడి గుడి, సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా రెండూ ఉన్నాయి కదా, ఇటు జియారత్‌కు వచ్చేవాళ్లకూ, అటు శివరాత్రికి కోటిపల్లి వెళ్లేవాళ్లకూ ఒకటే బండి. కోటిపల్లిలో పట్టా ఆగిపోతుంది. ముందు గౌతమి. రేవులో పంటు ఎక్కితే అవతల ముక్తేశ్వరం, అంటే కోనసీమ.

పన్నెండేళ్లే నడిచింది. 1940లో జంగ్ అవసరాలకని అంగ్రేజు హుకుమత్ ఆ పట్టాలు ఊడబెరికించింది. ఆ రోజుల్లో హిందుస్తాన్‌లో ఇలాంటి చిన్న లైన్లు చాలానే పీకి, ఇనుమును ఓడల్లో ఇరాక్, ఇరాన్ వైపు పంపారు. గరీబు రైతు ఎక్కే బండి కాబట్టి అడిగే నాథుడు లేడు. ఇంకో అజీబ్ సంగతి: అదే జంగ్‌లో, 1942 ఏప్రిల్ 6న, విశాఖతో పాటు కాకినాడ మీదా బాంబులు వేసింది జపాన్ విమానాలే.

అంగ్రేజులు పోయారు, ఆజాదీ వచ్చింది, పట్టాలు రాలేదు. తీసుకున్నవాడు తిరిగి ఇవ్వాల్సిన అమానత్ అది. మన హుకుమతులు కూడా దశాబ్దాల పాటు దాన్ని అలాగే వదిలేశాయి, నా లెక్కలో అంగ్రేజుల కంటే వీళ్ల కసూరే ఎక్కువ. చివరికి అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పట్టుబట్టారు. 2002 మార్చి 3న హెలికాప్టర్ కూలి ఆయన ఇంతెఖాల్ అయ్యారు. 2004లో కోటిపల్లికి మళ్లీ బండి వచ్చినప్పుడు చూడడానికి ఆయన లేరు. యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమి వంతెనకు మాత్రం ఆయన పేరుంది.

అలా తిరిగొచ్చిన బండి పెద్దదేం కాదు. బస్సులాంటి ఒక్క పెట్టె రైల్‌బస్సు కూడా ఈ దారిలో తిరిగింది. 2020 మార్చిలో కరోనాకు దేశమంతా రైళ్లు ఆగినప్పుడు ఇదీ ఆగింది.

కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైనుకు 2000-01లోనే మంజూరు దొరికింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయలు దాటాలి. రోజీ కోసం గల్ఫ్‌కు వెళ్లే కోనసీమ బిడ్డలు ఇప్పటికీ పెట్టె మోసుకుని రైలు కోసం రాజమండ్రికో కాకినాడకో పోవాల్సిందే. గౌతమిలో వంతెన స్తంభాలు లేచాయి. వాటి పక్కనుంచే పంటు ముక్తేశ్వరం వెళ్తోంది.